119 ఎక్కడ, 80 ఎక్కడ: మా కారు డైనో కాగితం చదివిన అనుభవం

మాది 2015 మోడల్ హోండా సిటీ. పెట్రోల్, మాన్యువల్ గేర్లు. కంపెనీ లెక్క ప్రకారం ఇంజిన్ 6600 ఆర్పీఎం దగ్గర 119 పీఎస్ పవర్, 4600 దగ్గర 145 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇవ్వాలి. బెంగళూరులో డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే యంత్రం) మీదికి ఎక్కిస్తే తెర మీద మొదట పడిన అంకె 80.8. పక్కనే ఉన్న మా బావమరిది ముఖం చిన్నబోయింది. "బావా, మూడో వంతు యాడికి పోయింది?" అన్నాడు.

ఆ పోయిన దాంట్లో కారు జబ్బు ఎంత, ఊరి ఎత్తు ఎంత, కొలిచే పద్ధతి ఎంత అని విడదీసుకోవడం వస్తేనే బేస్‌లైన్ డైనో పరీక్ష అర్థమైనట్టు. కడప, ప్రొద్దుటూరు వైపు నుంచి రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) చేయించుకోవడానికి బెంగళూరు పోయే కుర్రాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. వాళ్లు మొబైల్‌లో తెచ్చుకునే ఫోటోలో ఒక్క అంకె ఉంటుంది, మిగతా కాగితం ఉండదు. ఆ మిగతా కాగితం గురించే ఇదంతా.

నేను పోవడానికి కారణం గువ్వలచెరువు ఘాట్. కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఆ మలుపులు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు లోడు లారీ ఉంటుంది, దాటడానికి దొరికే జాగా కొంచెం. రెండో గేరులోకి దించి తొక్కితే ఐదు వేల ఆర్పీఎం వరకు కారు బాగానే లాగుతుంది. ఆపైన మోత పెరుగుతుంది గానీ బండి ముందుకు పోదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ తేడా అస్సలు తెలియదు, ఎందుకంటే కడప ట్రాఫిక్‌లో ఐదు వేలు ఎవరు తిప్పుతారు? సర్వీసుకు ఇచ్చిన చోట కంప్యూటర్ పెట్టి చూసి, ఎర్రర్ కోడ్ ఏదీ లేదు, బండి బాగుంది అన్నారు. రీమ్యాప్ చేయిస్తే సరిపోతుందని స్నేహితులు అన్నారు. నాకు మాత్రం ఏ మార్పైనా చేసే ముందు ఇప్పుడున్న స్థితి కాగితం మీద చూడాలనిపించింది.

బేస్‌లైన్ అంటే అదే. మంగంపేట ముగ్గురాయి లారీని ముందు ఖాళీగా కాటా వేయించి, తర్వాత సరుకుతో వేయిస్తారు కదా. ఖాళీ తూకం రాసుకోకపోతే రెండో తూకానికి విలువ లేదు. కారుకు ఏ మార్పూ చేయకముందు తీసే మొదటి రీడింగ్‌ది కూడా అదే పని.

రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా పోయాం. డైనో నడిపే అతను హిందూపురం వాడు, తెలుగులోనే అన్నీ విడమరిచి చెప్పాడు. ముందు టైర్లలో గాలి చూశాడు. గాలి తక్కువుంటే రోలర్ మీద టైరు నొక్కుకుపోయి కొంత పవర్ అక్కడే ఖర్చైపోతుందట. ముందు చక్రాలను రోలర్ల మీదికి తెచ్చి, నాలుగు వైపులా పట్టీలతో బిగించాడు. బానెట్ ఎత్తి, రేడియేటర్‌కు ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టాడు. ఏసీ ఆపాడు. పొగగొట్టంలో గాలి, పెట్రోలు పాళ్లు చూసే వైడ్‌బ్యాండ్ సెన్సర్ దూర్చాడు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆగి నాలుగో గేరులో పెట్టాడు. ఇంజిన్ వేగానికి, గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే వేగానికి తేడా తక్కువుండే గేరు కాబట్టి సాధారణంగా అదే వాడతారు. రెండు వేల ఆర్పీఎం దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కి, లిమిట్ దగ్గరికొచ్చేదాకా వదలకుండా పట్టుకున్నాడు. కదలకుండా నిలబడిన కారులో స్పీడోమీటర్ 150 దాటడం చూస్తుంటే నాకు టెన్షన్‌గానే ఉండింది.

ఇట్లా ఒకసారి తొక్కి కొలవడాన్ని పుల్ అంటారు. ఒక్కసారి చేసి ఆపలేదు, మూడు పుల్స్ తీశాడు. 80.8, 80.3, 80.6. ఇది నేను మొదట గమనించాల్సిన సంగతని అతనే చెప్పాడు. మూడూ ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉంటే కొలత నమ్మొచ్చు. ఒక్కో పుల్‌కు మూడేసి, నాలుగేసి తగ్గుతూ పోతే ఇంజిన్ వేడికి తగ్గుతోందని అనుకోవాలి. ఇక్కడ అట్లా లేదు. అంటే మా కారుకు ఏం తక్కువైనా అది మొదటి పుల్‌లోనే ఉంది, వేడి వల్ల వచ్చింది కాదు.

ఇక ఆ 119కీ 80.8కీ మధ్య లెక్క. కాఫీ తాగుతూ కాగితం వెనక వేసుకున్నాం.

మొదటిది, కొలమానాలే వేరు. కంపెనీ చెప్పేది పీఎస్‌లో, డైనో చూపించింది హెచ్‌పీలో. ఒక పీఎస్ 735.5 వాట్లు, ఒక హెచ్‌పీ 745.7 వాట్లు. అందుకే 119 పీఎస్ అంటే హెచ్‌పీలో 117.4 మాత్రమే. రెండోది, కంపెనీ ఇంజిన్‌ను విడిగా బల్ల మీద పెట్టి కొలుస్తుంది, డైనో చక్రాల దగ్గర కొలుస్తుంది. మధ్యలో గేర్‌బాక్స్, షాఫ్టులు, టైర్లు తినేది కొంత ఉంటుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ మాన్యువల్ కారుకు 15 శాతం దాకా పోతుందని ట్యూనర్లు లెక్క వేసుకుంటారు. అది అంచనానే, ఎవరూ కొలిచి చెప్పేది కాదు. అట్లా చూస్తే చక్రాల దగ్గర 100 రావాలి.

మూడోది గాలి. కడప సముద్రమట్టానికి 140 మీటర్ల లోపే ఉంటుంది, బెంగళూరు 900 మీటర్ల పైన. ఆ రోజు డైనో పక్కనున్న వాతావరణ పెట్టె 912 మిల్లీబార్లు చూపించింది. సముద్రమట్టం దగ్గర అది 1013 ఉంటుంది. టర్బో లేని ఇంజిన్ చుట్టూ ఉన్న గాలినే పీల్చుకోవాలి, ఆ గాలే పలచనైతే పవర్ తగ్గక తప్పదు. దీన్ని సరిచేయడానికి కరెక్షన్ ఫ్యాక్టర్ అని ఒకటి కట్టి హెచ్చిస్తారు. ఎక్కువ చోట్ల వాడేది ఎస్ఏఈ జే1349 పద్ధతి. 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడి గాలి ఉంటే ఎంత వచ్చేదో అది చెబుతుంది. మా కాగితం మీద ఆ ఫ్యాక్టర్ 1.14. చక్రాల దగ్గర 100 ఇచ్చే మంచి కారు కూడా ఆ పూట ఆ గాలిలో 87, 88 కంటే చూపించదు.

అంటే పోయిన 38లో కొలమానాల తేడా దాదాపు 2, దారిలో ఖర్చైంది 17, బెంగళూరు గాలి 12. మిగిలింది 7. మా కారు జబ్బు ఆ 7. ఘాట్‌లో నాకు తెలిసొచ్చింది ఆ ఏడే.

అయితే 15 శాతం అన్నదే అంచనా అయినప్పుడు ఈ ఏడును గట్టిగా నమ్మడమెట్లా? ఇక్కడ డైనో అతను చేసిన పని నాకు బాగా నచ్చింది. తన కంప్యూటర్‌లో పాత ఫైల్ ఒకటి తీశాడు. అదే మోడల్ సిటీ, ఏ మార్పూ లేనిది, ఇదే డైనో మీద, ఇదే గేరులో, ఇదే కరెక్షన్‌తో తీసింది. దానికి 99 వచ్చింది. మాది 80.8ని 1.14తో హెచ్చిస్తే 92. ఒక డైనో అంకెను ఇంకో డైనో అంకెతో పోల్చడం వృథా. రోలర్ బరువును ఎంత వేగంగా తిప్పిందో చూసి పవర్ కట్టే యంత్రాలు ఒక రకం, బ్రేక్ మాదిరిగా లోడు పెట్టి కొలిచేవి ఇంకో రకం. అదే కారుకు రెండు చోట్లా రెండు అంకెలు రావడం మామూలే. అదే యంత్రం మీద తీసిన అదే మోడల్ కారు రీడింగే సరైన కొలబద్ద.

కరెక్షన్ గురించి ఇంకొక్క మాట. కొన్ని చోట్ల ఎస్టీడీ అనే పాత పద్ధతిలో కాగితం ఇస్తారు. 15.5 డిగ్రీల చల్లటి గాలిని, ఎస్ఏఈ కంటే ఎక్కువ గాలి ఒత్తిడిని ప్రమాణంగా పెట్టుకోవడం వల్ల అది ఎస్ఏఈ కంటే దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. మార్పుకు ముందు కాగితం ఎస్ఏఈలో, తర్వాతి కాగితం ఎస్టీడీలో ఇస్తే కారును ముట్టుకోకుండానే నాలుగు హెచ్‌పీ పెరిగినట్టుంటుంది. కాగితం మూలన చిన్న అక్షరాల్లో ఏ పద్ధతో రాసి ఉంటుంది, అది తప్పక చూడాలి. ఇంకో సంగతి, కరెక్ట్ చేసిన అంకె బెంగళూరులో వచ్చేదీ కాదు, కడపలో వచ్చేదీ కాదు. నేను ఎండాకాలం లెక్కకు 35 డిగ్రీలు వేసి మా ఊరికి కట్టి చూస్తే ఫ్యాక్టర్ 1.04, 1.05 మధ్య తేలింది. ఎత్తు తక్కువ కాబట్టి గాలి చిక్కగా ఉంటుంది, వేడి వల్ల కొంత పోతుంది. ఆ స్థితిలోని మా కారు కడపలో చక్రాల దగ్గర 87, 88 ఇస్తుందన్నమాట.

మా బావమరిది తన స్విఫ్ట్ డీజిల్‌ను కూడా అదే రోజు ఎక్కించాడు. దాని ఇంజిన్ 75 పీఎస్, అంటే 74 హెచ్‌పీ. కాగితం మీద చక్రాల దగ్గర 75 వచ్చింది. "చూసినావా బావా, కంపెనీ చెప్పిన దానికంటే ఎక్కువే ఉంది" అని సంబరపడ్డాడు. ఇంజిన్ దగ్గర 74 ఉన్నది చక్రాల దగ్గరికొచ్చేసరికి 75 ఎట్లా అవుతుంది? అది కరెక్షన్ చేసిన పని. కొలిచింది 66. టర్బో ఉన్న ఇంజిన్ గాలి పలచబడితే ఇంకొంచెం కష్టపడి ఒత్తిడిని చాలావరకు తెచ్చుకుంటుంది, టర్బో లేని దానిలాగా నష్టపోదు. నష్టపోని దానికి నష్టపరిహారం కట్టినట్టైంది. ఎస్ఏఈ ప్రమాణంలో డీజిల్‌కు వేరే సూత్రం ఉంది గానీ సాఫ్ట్‌వేర్‌లో పెట్రోల్ సూత్రమే పెట్టి ఉంది. టర్బో కారున్నవాళ్లు కరెక్ట్ చేయని అంకె కూడా అడిగి రాయించుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 92 అని తెలిస్తే తక్కువుందని తెలుస్తుంది, ఎందుకు తక్కువో తెలియదు. అది తెలిసేది గీతల్లో.

కాగితం మీద రెండు గీతలున్నాయి, పవర్‌ది ఒకటి, టార్క్‌ది ఒకటి. నిజానికి అవి వేర్వేరు కొలతలు కావు. టార్క్‌ను ఆర్పీఎంతో హెచ్చించి 9549తో భాగిస్తే కిలోవాట్లలో పవర్ వస్తుంది. మా కాగితంలో 4500 దగ్గర టార్క్ 122 ఎన్ఎం. లెక్క కడితే 57.5 కిలోవాట్లు, అంటే 77 హెచ్‌పీ. పవర్ గీత కూడా అక్కడ 77 దగ్గరే ఉంది. అయితే రోలర్ బరువుతో కొలిచే డైనోలో పవర్‌కు ఇంజిన్ ఆర్పీఎం అక్కర్లేదు, రోలర్ వేగం చాలు. ఆర్పీఎం తప్పుగా పట్టుకుంటే పవర్ సరిగ్గానే ఉండి టార్క్ అంకె తప్పుతుంది, గీత కూడా పక్కకు జరుగుతుంది. అందుకే కారులోని ఆర్పీఎం మీటర్, తెర మీది ఆర్పీఎం ఒకటే చూపిస్తున్నాయా అని పుల్ మొదలుకాకముందే చూసుకోవాలి.

122 ఎన్ఎం చూసి నాకు ప్రాణం కుదుటపడింది. 145లో 15 శాతం తీసేస్తే 123. అంటే మధ్య వేగాల్లో ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. కంప్రెషన్ పోయిన ఇంజిన్ అయితే కింది నుంచి పైదాకా గీత మొత్తం కుంగి ఉండేది. మాది ఐదు వేల వరకు ఆ పాత సిటీ గీతతో అంటుకునే పోయింది. ఆ తర్వాత రెండూ విడిపోయాయి. పాత సిటీ 6500 దాకా ఎక్కింది. మాది 5700 దగ్గర 92కు చేరి అక్కడి నుంచి కిందికి దిగి, 6600 దగ్గర 87కు వచ్చింది. గువ్వలచెరువు ఘాట్‌లో కాలికి తెలిసింది ఇక్కడ కంటికి కనిపించింది.

మొదట ఇచ్చిన ప్రింటులో ఈ దిగుడు నున్నగా, అందంగా ఉంది. స్మూతింగ్ తగ్గించి చూపించమని అడిగాను. గీతను చూడముచ్చటగా చేయడానికి సాఫ్ట్‌వేర్‌లో ఉండే సెట్టింగ్ అది. తగ్గించగానే ఐదు వేల పైన గీత సన్నగా వణుకుతూ కనిపించింది, కింద మాత్రం శుభ్రంగా ఉంది.

పై వేగాల్లో పవర్ పడిపోవడానికి గాలి చాలకపోవడం ఒక కారణం, పెట్రోలు చాలకపోవడం ఇంకొకటి. ఏదో తేల్చేది మూడో గీత, కాగితం అడుగున ఉండేది. చాలామంది దాన్ని చూడనే చూడరు. గాలి, పెట్రోలు పాళ్ల గీత అది, అంటే ఒక పాలు పెట్రోలుకు ఎన్ని పాళ్ల గాలి అని. పూర్తిగా తొక్కినప్పుడు టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు సాధారణంగా 12.5 నుంచి 13.2 మధ్య ఉండాలి. మాది ఐదు వేల దాకా 12.9 దగ్గర నిలకడగా ఉంది. అక్కడి నుంచి మెల్లగా పైకి లేచి 6400 దగ్గర 14.4 అయింది. అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. దీన్నే లీన్ అంటారు.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి తగ్గితే కారు కంప్యూటర్ తగ్గిన గాలిని చూసుకుని పెట్రోలు కూడా తగ్గిస్తుంది. పవర్ పడిపోతుంది గానీ పాళ్లు మారవు. ఇక్కడ పాళ్లే మారాయి కాబట్టి లోపం పెట్రోలు వైపు ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లనేమో అని అడిగాను. ఇథనాల్ కలిస్తే కావాల్సిన పాళ్లే మారతాయి, మామూలు పెట్రోలుకు 14.7 అయితే ఈ20కి 13.5 దగ్గరికి వస్తుంది. కానీ సెన్సర్ చూసేది మిగిలిన ఆక్సిజన్‌ను, 14.7 లెక్కన అంకెగా మార్చేది సాఫ్ట్‌వేర్. 14.4ను 14.7తో భాగిస్తే 0.98, దాన్నే లాంబ్డా అంటారు. ఏ పెట్రోలైనా లాంబ్డా ఒకటే భాష. పూర్తిగా తొక్కినప్పుడు అది 0.88 దగ్గర ఉండాల్సింది. పైగా ఈ20 కారణమైతే రెండు వేల నుంచే గీత పైకి ఉండాలి, ఐదు వేల దగ్గర ఎందుకు లేస్తుంది?

రీమ్యాప్ ఈ రోజు చేయనని డైనో అతనే చెప్పేశాడు. పెట్రోలు చాలని ఇంజిన్‌కు ఇంకా పెట్రోలు అడిగే మ్యాప్ వేసినా వచ్చేది ఉండదు, టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) ముందుకు జరిపితే పూర్తి లోడులో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్లకే ముప్పు. డబ్బు వచ్చే పని వద్దన్న మనిషి మాట మీద నాకు గౌరవం కలిగింది. ప్రింటుతో పాటు డేటా ఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు.

కడపలో మా మెకానిక్ భాయ్‌కి ఆ కాగితం చూపించాను. డైనో ఆయనకు కొత్త, గీత చూడగానే మాత్రం "అన్నా, ఇది పంపు గానీ ఫిల్టర్ గానీ" అన్నాడు. నిలబెట్టి రేస్ చేస్తే పెట్రోలు ఖర్చు తక్కువ కాబట్టి ప్రెషర్ బాగానే కనిపిస్తుందని, గేజ్ తగిలించి పొడుగు పైపుతో అద్దం బయట టేపు వేసి అంటించాడు. రాయచోటి రోడ్డులో ఖాళీ చూసుకుని మూడో గేరులో పూర్తిగా తొక్కమన్నాడు. నేను రోడ్డు చూస్తున్నాను, ఆయన ముల్లు చూస్తున్నాడు. నాలుగు వేల దాకా కదలని ముల్లు ఐదు వేలు దాటగానే వణికి కిందికి జారింది. ట్యాంకు లోపల పంపుతో పాటు ఉండే ఫిల్టర్ బయటికి తీస్తే, తెల్లగా ఉండాల్సిన జాలీ నల్లటి గోధుమ రంగులో ఉంది. వేలితో రుద్దితే జిడ్డుగా మెత్తటి ధూళి అంటుకుంది. ఫిల్టర్ మార్చి మళ్లీ అదే రోడ్డులో చూస్తే ముల్లు నిలబడింది. పంపు మార్చే పని పడలేదు.

తర్వాత చలికాలంలో బెంగళూరులో పని పడినప్పుడు అదే డైనో, అదే గేరు, టైర్లలో అంతే గాలి పెట్టి మళ్లీ తీయించాను. కొలిచింది 89.2, ఫ్యాక్టర్ 1.12, కరెక్ట్ చేస్తే 99.9. ఆ పూట గాలి చల్లగా ఉండి ఫ్యాక్టరే తగ్గింది. కొలిచిన అంకెలనే పోల్చితే 8.4 పెరిగినట్టు, అందులో కొంత వాతావరణానిది. కరెక్ట్ చేసినవి పోల్చితే 7.8, ఫిల్టర్‌ది అదే. నాకు అంకె కంటే ఎక్కువ తృప్తి ఇచ్చింది అడుగు గీత. కింది నుంచి పైదాకా 12.8, 13 మధ్య చదునుగా ఉంది.

రీమ్యాప్ చేయించలేదు. టర్బో లేని ఈ ఇంజిన్‌కు రీమ్యాప్‌తో పెరిగేది కొద్దిగానే అని అతనే చెప్పాడు, ఇప్పుడున్నది నాకు చాలు. రెండు కాగితాల్లోనూ మూడు వేల దగ్గర టార్క్ గీతలో ఒక చిన్న గుంట ఉంది. ఆ పాత సిటీ ఫైల్‌లో కూడా అదే చోట అదే గుంట ఉంది కాబట్టి అది ఇంజిన్ స్వభావమని వదిలేశాను. మా బావమరిది మాత్రం స్విఫ్ట్‌కు చేయించాలనే పట్టుదలతో ఉన్నాడు. తన పాత కాగితంలో కొలిచిన 66కు సున్నా చుట్టి పెట్టుకున్నాడు, తర్వాతి కాగితం దాంతోనే పోలుస్తాడట.